మారుపేరుతో బతికిన ద్రాక్ష

వైన్ గురించి నేను రాయడమేమిటని మీలో కొందరు ముక్కున వేలేసుకుంటారని తెలుసు. మా ఇంట్లో సీసా అంటే పచ్చడి సీసాయే. కాకపోతే మా అమ్మాయి హోటల్ మేనేజ్‌మెంట్ చదువుతోంది. పరీక్షలు వచ్చాయంటే పుస్తకం నా చేతిలో పెట్టి ప్రశ్నలు అడగమంటుంది. చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెప్పించుకున్నట్టే ఇప్పుడు ఫ్రాన్సు ద్రాక్షల పేర్లు అప్పజెప్పించుకుంటున్నాను. అలా పరిచయమైందే కార్మెనేర్ అనే ద్రాక్ష. దానితో చేసేది ముదురు రంగులో, నిండుగా, ఘాటుగా ఉండే ఎర్రవైన్. ఆ ద్రాక్ష చరిత్ర చదువుతుంటే మన ఇళ్ళలో ఆడవాళ్ళ కథ ఏదో చదువుతున్నట్టు అనిపించింది. మీతో చెప్పకుండా ఉండలేకపోయాను.

ముందే ఒక మాట. తాగడం మొదలుపెట్టమని ఎవరికీ చెప్పను. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడితే రాష్ట్రమంతా కదిలింది. మద్యం ఒక ఇంటిని ఏం చేస్తుందో మనకి ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. ఇక్కడ నేను చెప్పేది ఒక పంట గురించి, ఆ పంట పోగొట్టుకున్న పేరు గురించి.

ఫ్రాన్సుకి నైరుతి మూల, అట్లాంటిక్ సముద్రానికి దగ్గర్లో బోర్డో అనే ఊరుంది. ఆ చుట్టుపక్కల కొన్ని వందల ఏళ్ళుగా వైన్ ద్రాక్ష పండిస్తున్నారు. అక్కడి ఎర్రవైన్‌ని మామూలుగా ఒకే రకం ద్రాక్షతో చెయ్యరు. సాంబారు పొడికి ధనియాలు ఎంత, మిరపకాయలు ఎంత, మెంతులు ఎంత అని మనం చూసుకున్నట్టు, వాళ్ళు కాబెర్నే సోవిన్యోన్ ఇంత, మెర్లో ఇంత, కాబెర్నే ఫ్రాంక్ ఇంత అని కలుపుతారు. ఆ కలిపే రకాల్లో ఒకప్పుడు కార్మెనేర్ కూడా ఉండేది, ముఖ్యంగా బోర్డోకి ఉత్తరాన ఉన్న మెదోక్ తోటల్లో. చిక్కటి రంగు, నిండైన రుచి దాని సొత్తు. ఆకురాలే కాలంలో దాని ఆకులు ముదురు ఎరుపుకి తిరుగుతాయి. కార్మిన్ అనే ఎరుపురంగు మీదుగానే దానికి ఆ పేరు వచ్చిందంటారు.

రుచి ఎంత గొప్పదైనా దాన్ని పండించడం మాత్రం కష్టం. వసంతంలో చలి, వాన తగిలితే పూత నిలవదు. మంచు పడితే మామిడి పూత మాడిపోవడం మనకి తెలిసిందే కదా, అలాంటిదే ఇదీ. నిలిచిన పిందె కూడా చాలా నిదానంగా పండుతుంది. పక్క వరసలో మెర్లో కోసేసిన కొన్ని వారాలకి గాని దీనికి పండు వాసన రాదు. ఈలోగా వానలు పట్టుకుంటే గుత్తులు కుళ్ళిపోతాయి. అయినా ఆ వైన్ మీది ఇష్టంతో రైతులు భరించారు.

1850ల్లో ముందు బూడిద తెగులు వచ్చింది. దాని నుంచి తేరుకునేలోపే 1860ల్లో ఫిలాక్సెరా వచ్చింది. ఇది వేళ్ళ రసం పీల్చే ఒక పేను. ఆవగింజకన్నా చిన్నది. అమెరికా నుంచి తెప్పించుకున్న ద్రాక్ష మొక్కలతో పాటు ఓడెక్కి ఫ్రాన్సులో దిగింది. ఎండిపోయిన తీగని పీకి చూస్తే వేళ్ళ దగ్గర పురుగు కనిపించేది కాదు. అప్పటికే అది పక్కనున్న పచ్చటి తీగ వేళ్ళకి పాకిపోయి ఉండేది. 1868లో ప్లాంషోన్ అనే వృక్షశాస్త్రవేత్త, ఆయనతో ఉన్నవాళ్ళు బాగున్న తీగని కూడా పీకి చూశారు. అప్పటిగ్గాని దొంగ దొరకలేదు. మందు కనిపెట్టిన వాళ్ళకి ఫ్రాన్సు ప్రభుత్వం 3,00,000 ఫ్రాంకుల బహుమానం ప్రకటించింది. ఒక రైతయితే విషం లాగేస్తుందని తీగ మొదట్లో బతికున్న కప్పని పాతిపెట్టాడట. దిక్కుతోచని మనిషి ఏదైనా చేస్తాడు.

చివరికి పరిష్కారం మన తోటమాలులకి బాగా తెలిసిన అంటుకట్టడంలోనే దొరికింది. అమెరికా ద్రాక్ష వేళ్ళు ఆ పేనుని తట్టుకోగలవు. ఆ వేరు మీద ఫ్రాన్సు కొమ్మని అంటుకట్టి తోటలన్నీ తిరిగి నాటారు. నాటేటప్పుడు ఏ రకం వెయ్యాలన్న ప్రశ్న వచ్చింది. చేతిలో డబ్బు లేదు, ఏళ్ళ తరబడి పంట లేదు. అలాంటప్పుడు పూత రాల్చుకునే, ఆలస్యంగా పండే తీగని ఎవరు ఎంచుకుంటారు? తొందరగా పండే మెర్లోని, గట్టిపిండమైన కాబెర్నే సోవిన్యోన్‌ని వేసుకున్నారు. కార్మెనేర్‌ని ఎవరూ నరికి పారెయ్యలేదు, మళ్ళీ పిలవలేదంతే. కొన్నేళ్ళకి అది బోర్డో తోటల్లో దాదాపు కనిపించకుండా పోయింది.

అయితే ఆ పేను రావడానికి కొన్నేళ్ళ ముందే దాని కొమ్మలు కొన్ని సముద్రం దాటాయి. దక్షిణ అమెరికాలో చిలీ అని పొడవాటి సన్నటి దేశం ఉంది కదా. అక్కడ గనుల మీద బాగా సంపాదించిన కుటుంబాలకి ఫ్రాన్సు మోజు ఉండేది. ఇల్లు ఫ్రాన్సు తరహాలో కట్టించుకోవాలి, బట్టలు పారిస్ నుంచి రావాలి, తోటలో ఫ్రాన్సు ద్రాక్ష ఉండాలి. 1851లో సిల్వెస్త్రే ఓచగవియా అనే ఆయన ఫ్రాన్సు రకాలు తెప్పించి నాటించాడు. ఆ దారిలో మిగతా వాళ్ళూ నడిచారు.

వాళ్ళలో ఒకావిడ పేరు ఇక్కడ చెప్పుకోవాలి. ఇసిడోరా గోయెనెచియా. 1873లో భర్త లూయిస్ కౌసిన్యో చనిపోయాక లోటా బొగ్గుగనులు, శాంటియాగో దగ్గరి మాకుల్ ద్రాక్షతోటలు అన్నీ తనే చూసుకుంది. ఆ కాలంలో ప్రపంచంలోని పెద్ద ధనవంతురాళ్ళలో ఆమె ఒకరు. మన పుస్తకాల్లో రాజుల పట్టాభిషేకాలు తప్ప ఇలాంటి వాళ్ళ సంగతి కనిపించదు.

చిలీకి దేవుడిచ్చిన కోట ఉంది. తూర్పున ఆండీస్ కొండలు, పడమట పసిఫిక్ సముద్రం, ఉత్తరాన అటకామా ఎడారి, దక్షిణాన మంచు. ఫిలాక్సెరా ఈ రోజుకీ అక్కడి తోటల్లోకి రాలేదు. పుట్టింట్లో దిక్కులేకుండా పోయిన కార్మెనేర్ ఇక్కడ సొంత వేళ్ళ మీద హాయిగా బతికింది. ఎండాకాలం పొడిగా, పొడుగ్గా ఉంటుంది కాబట్టి పూత బెంగ కూడా తగ్గింది. ఒకే ఒక్కటి పోయింది, పేరు. కట్టలు కట్టలుగా వచ్చిన కొమ్మల్లో మెర్లో, కార్మెనేర్ కలిసిపోయాయి. రెండిటి ఆకులూ ఇంచుమించు ఒకలాగే ఉంటాయి. నాటినవాళ్ళు అన్నిటినీ మెర్లో అన్నారు. వాళ్ళ పిల్లలూ మెర్లో అన్నారు. నూరేళ్ళకి పైగా అదే మాట నడిచింది.

మా నాయనమ్మ అసలు పేరు రత్నం. కాపురానికి వచ్చిన ఇంట్లో అత్తగారి పేరూ రత్నమే. అత్తగారి పేరు పెట్టి కోడలిని కేకెయ్యడం ఎలాగని, వచ్చిన వారానికే ఆమెని సీత అన్నారు. మన వైపు చాలా ఇళ్ళలో ఉన్న అలవాటే ఇది. పెద్దకోడలు చెయ్యి చురుకు. ఆవిడ పొయ్యి దించే వేళకి ఈవిడా దించాలి. దించకపోతే సీత మందకొడి అనేవారు. రేషన్ కార్డు మీద సీత అనే రాశారు. పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమల కింద ఇచ్చిన అరెకరం కాగితంలో మాత్రం రత్నం అని ఉంది. తాతయ్య పోయాక పింఛను కోసం ఒక ఆఫీసుకి వెళితే, ఈ రత్నం, ఈ సీత ఒక్కరేనని రుజువు తెమ్మన్నారు. ఏడాది పైగా తిరిగింది. డెబ్భై ఏళ్ళ మనిషి తను తనేనని ఊళ్ళోవాళ్ళ చేత సాక్ష్యం చెప్పించుకోవలసి వచ్చింది.

చిలీ మెర్లో మీద కూడా అలాంటి మాటే ఉండేది. ఇక్కడి మెర్లో అదో రకం అనేవారు కొనేవాళ్ళు. ఒకే తోటలో కొన్ని తీగలు ముందు పండేవి, కొన్ని పచ్చిగా ఉండేవి. అన్నిటినీ ఒకేసారి కోసేసేవారు. దాంతో వైన్‌లో పచ్చి కాప్సికం వాసన కొట్టేది. నేల వల్ల అన్నారు కొందరు, నీళ్ళ వల్ల అన్నారు కొందరు. అసలు ఆ తీగ మెర్లోయేనా అన్న అనుమానం ఫ్రాన్సు నుంచి వచ్చిన ఒకరిద్దరు నిపుణులకి 1990ల మొదట్లోనే కలిగింది.

1994 నవంబరు 24న ఆ అనుమానం తీరింది. ద్రాక్ష రకాలని ఆకుని, పువ్వుని చూసి పోల్చే విద్యలో దిట్ట జాఁ-మిషెల్ బూర్సికో ఒక సదస్సు కోసం చిలీ వచ్చారు. మైపో లోయలో వీన్యా కార్మెన్ వాళ్ళ తోట చూడ్డానికి వెళ్ళారు. మనకి చలి మొదలయ్యే నవంబరు వాళ్ళకి వసంతం, తీగలు పూత మీద ఉన్నాయి. మెర్లో అని చెప్పిన తీగ దగ్గర ఆగి పువ్వుని పట్టి చూశారు. కేసరాలు మెలితిరిగి ఉన్నాయి. మెర్లోకి అలా ఉండవు. ఇది మెర్లో కాదు, కార్మెనేర్ అని అక్కడే చెప్పారు. ఆ తోటకి 1850లో దాన్ని మొదలుపెట్టిన ఆయన తన భార్య కార్మెన్ పేరు పెట్టుకున్నాడు. ఆ పేరుకీ కార్మెనేర్‌కీ చుట్టరికం ఏమీ లేదు, అలా కలిసొచ్చిందంతే.

తర్వాత వచ్చిన డీఎన్ఏ పరీక్షలతో వీటి చుట్టరికాలు కూడా బయటపడ్డాయి. మెర్లో, కార్మెనేర్ రెండూ కాబెర్నే ఫ్రాంక్ సంతానమే. రెండో వైపు వేరు. మెర్లోకి రెండో వైపున ఉన్నది ఫ్రాన్సులో షరాంత్ ప్రాంతపు పల్లెల్లో ఇళ్ళ గుమ్మాల దగ్గర పెరిగే ఒక పాత తీగ. జులైలో మగ్దలీన్ పండగ వేళకే పండుతుందని ఆ పండు ఊళ్ళోవాళ్ళకి గుర్తు. మెర్లో తొందరగా పండేది ఆ వైపు నుంచి వచ్చిన గుణం. కార్మెనేర్‌కి ఆ వైపు రక్తం లేదు. సగం తోబుట్టువులైన ఇద్దరిని పక్కపక్కన నిలబెట్టి, పెద్దది పండింది కదా నీకేం వచ్చిందని ఇన్నేళ్ళూ అడిగారన్నమాట.

నిజం తెలిశాక అందరూ సంతోషించారనుకోకండి. 1990ల్లో అమెరికాలో మెర్లో పేరు బాగా అమ్ముడుపోతోంది. సీసా మీద మెర్లో అని ఉంటే చాలు, కొనేస్తారు. కార్మెనేర్ అంటే ఎవరికీ తెలియదు, పలకడం కూడా రాదు. ఉన్న పేరుతో నాలుగు డబ్బులు వస్తుంటే మార్చుకోవడం దేనికి అన్నవాళ్ళు ఉన్నారు. పైగా చిలీ అధికారిక జాబితాలో ఆ రకమే లేదు. అందుకే వీన్యా కార్మెన్ వాళ్ళు మొదట్లో దాని పాత మారుపేర్లలో ఒకటైన గ్రాండ్ విద్యూర్ అని ముద్రించి అమ్మారు. ప్రభుత్వం కార్మెనేర్‌ని వేరే రకంగా గుర్తించింది 1998లో.

పేరు మారితే సీసా మీద చీటీ మారుతుంది, అంతే కదా అనుకున్నాను నేను. మా అమ్మాయి పుస్తకంలో దాని తర్వాతి పేజీలు చదివితే అసలు సంగతి తెలిసింది. అది మెర్లో కాదని తెలిశాక తోటపనే మారిపోయింది. మెర్లో మార్చి, ఏప్రిల్ నెలల్లో కోతకి వస్తే దీన్ని ఏప్రిల్ చివరి దాకా, కొన్నిచోట్ల మే దాకా తీగ మీదే ఉంచడం నేర్చుకున్నారు. గుత్తుల చుట్టూ ఆకులు దూసి ఎండ తగలనిచ్చారు. లోతైన, తేమ నిలిచే బంకనేలలు దీనికి పడతాయని గమనించి అక్కడ నాటారు. కచాపోవల్ లోయలో పెఉమో అనే ఊరు అలాగే పేరుకెక్కింది. పచ్చి వాసన తగ్గింది. దాని వెనక దాగి ఉన్న నల్లరేగు, మిరియం, కోకో, కాల్చిన కాఫీ గింజ వాసనలు పైకి వచ్చాయి. నూరేళ్ళు తప్పుపట్టిన తీగలో తప్పేమీ లేదు, తనది కాని వేళకి కోస్తున్నారు, అంతే.

ఇంకో తమాషా. ఇటలీలో కాబెర్నే ఫ్రాంక్ అనుకుని పెంచుకున్న తోటల్లో కొన్ని నిజానికి కార్మెనేర్‌వేనని తేలింది. చైనాలో కాబెర్నే గెర్నిష్ట్ అని పిలుచుకుంటున్నదీ ఇదే. పుట్టిన చోట లేదనుకున్న పిల్ల మూడు దేశాల్లో మూడు పేర్లతో కాపురం చేస్తోంది.

ఇక వంటింటి సంగతికి వద్దాం. కిందటేడాది అమెరికాలో మా ఆడపడుచు వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ఈ వైన్ కాస్త రుచి చూశాను. ముక్కు దగ్గర పెట్టుకోగానే కాప్సికం తరిగిన చాకు వాసన గుర్తొచ్చింది. అది నా ఊహ కాదు. పచ్చి కాప్సికంలోనూ, ఈ ద్రాక్ష తొక్కలోనూ ఉన్నది పైరజీన్ అనే ఒకే జాతి పదార్థం. పండే కొద్దీ, ఎండ తగిలే కొద్దీ అది తగ్గుతుంది. నోట్లో పెట్టుకుంటే వగరు. నేరేడు పండు తిన్నాక నాలుక పట్టేసినట్టు ఉంటుంది చూడండి, అది. ద్రాక్ష తొక్క, గింజల్లోంచి వచ్చే టానిన్లు మన లాలాజలంలోని ప్రోటీన్లని పట్టుకోవడం వల్ల నోరు అలా ఎండినట్టవుతుంది. కాబెర్నే సోవిన్యోన్ వగరుతో పోలిస్తే దీనిది మెత్తన అంటారు. నాకు ఆ ఒక్క గుక్కతో సరిపోయింది.

ఏ వైన్‌కి ఏ కూర అన్నది పెద్దింటి మర్యాదల వ్యవహారం అనుకునేదాన్ని. చూస్తే మన పప్పులో నెయ్యి లెక్కే. వగరుని కొవ్వు, ప్రోటీన్ తగ్గిస్తాయి. అందుకే గాఢమైన ఎర్రవైన్‌కి మాంసం, జున్నుగడ్డలు జతచేస్తారు. ఉప్పు చేదుని అణుస్తుంది. చేపతో మాత్రం వగరు వైన్ కలిస్తే నోట్లో ఇనుము నాకినట్టు ఉంటుందంటారు.

చిలీవాళ్ళ జోడింపులు చూస్తే నోరూరుతుంది. వాళ్ళ స్వాతంత్ర్య పండగ సెప్టెంబరు 18. ఆ రోజుల్లో ఇంటింటా ఎంపనాడాలు ఉండాల్సిందే. ఇవి మన కజ్జికాయ ఆకారంలో, అరచేతికన్నా పెద్దగా ఉంటాయి. లోపల సన్నగా కొట్టిన గొడ్డుమాంసం, దానికి దీటుగా ఉల్లిపాయలు, జీలకర్ర, ఉడికించిన గుడ్డు ముక్క, ఒక నల్ల ఆలివ్ కాయ, రెండు కిస్‌మిస్‌లు పెట్టి కాలుస్తారు. వేసవిలో పస్తెల్ దె చోక్లో అని ఇంకోటి చేస్తారు. మట్టిమూకుట్లో అదే మాంసం కూర, కోడి ముక్క పరిచి, పైన లేత మొక్కజొన్న రుబ్బి తులసి జాతి ఆకు వేసి ఉడికించిన ముద్ద పరుస్తారు. పైన కాస్త చక్కెర చల్లి, ఎర్రగా కాలేదాకా పొయ్యిలో పెడతారు. తీపి, ఉప్పు, ఉల్లి కలిసిన ఈ వంటలకి కార్మెనేర్ ఇట్టే అతుకుతుందని వాళ్ళ మాట. మాంసం తినని వాళ్ళకి చిక్కుడు గింజలు, గుమ్మడికాయ, మొక్కజొన్న కలిపి ఉడికించిన పొరోతోస్ గ్రనాదోస్ ఉంది.

అక్కడి మాపుచే తెగవాళ్ళ మెర్కెన్ అనే కారప్పొడి సంగతి విన్నప్పుడు మాత్రం నాకు ప్రాణం లేచొచ్చింది. ఎండుమిరపకాయలని పొగలో ఆరబెట్టి, వేయించిన ధనియాలు, ఉప్పు కలిపి దంచుతారు. మన ఇంట్లో దంచినట్టే ఉంటుంది కదూ! ఆశ్చర్యం అక్కర్లేదు. మిరప మనకి వచ్చిందే ఆ ఖండం నుంచి, పోర్చుగీసు ఓడల్లో.

మన వంటలతో ఎలా ఉంటుందని ఆడపడుచు కూతురిని అడిగాను. మరీ కారమైతే వైన్‌లోని ఆల్కహాలు మంటని ఇంకా ఎగదోస్తుందట. గోంగూర, చింతపండు పులుసు లాంటి పుల్లటి వాటి పక్కన ఇందులోని కాస్త పులుపూ తేలిపోయి వైన్ చప్పబడుతుందట. కారం తగ్గించి మిరియాలతో చేసిన వేటమాంసం వేపుడు, నువ్వులు, వేరుశెనగపప్పు కూరిన గుత్తివంకాయ, నిప్పుల మీద కాల్చిన కాప్సికం బాగుంటాయంది. కాప్సికం వాసన వైన్‌లోనూ ఉంది కాబట్టి రెండూ ఒకదాన్నొకటి గుర్తుపడతాయని దాని లెక్క.

ఇప్పుడు ప్రపంచంలో ఈ ద్రాక్ష ఎక్కువగా పండేది చిలీలోనే. నవంబరు 24ని కార్మెనేర్ రోజుగా జరుపుకుంటున్నారు. ఒకప్పుడు పేరు చెప్పుకుంటే నష్టమని భయపడిన వాళ్ళే ఇప్పుడు అదే పేరు సీసా మీద పెద్దక్షరాల్లో వేసుకుంటున్నారు.

మా నాయనమ్మ వేరింటి కాపురం పెట్టాక ఆమె వంట తిన్నవాళ్ళు మందకొడి అనడం మానేశారు. సన్నటి సెగ మీద గంటన్నర మరిగిన ఆమె ఉలవచారు రుచి ఈ రోజుకీ మా ఇంట్లో ఎవరికీ రాలేదు. ఆమె పోయాక నాన్న గోడ మీది ఫోటో కింద రత్నం అని రాయించారు. చూసిన దగ్గరి చుట్టాలే రత్నం ఎవరని అడిగారు. మీ ఇళ్ళలో కూడా ఇలా మారుపేరుతో బతికిన అమ్మమ్మలు, నాయనమ్మలు, మేనత్తలు ఉండే ఉంటారు. వాళ్ళ అసలు పేరేమిటో ఇంట్లో పెద్దవాళ్ళని ఒకసారి అడగండి. చెప్పగలిగిన వాళ్ళు ఉన్నప్పుడే అడగాలి. తెలిస్తే నాకూ రాయండి.